ఇంటికి ఒకటే ఫోన్: పిల్లల సోషల్ మీడియా నిషేధం ఎవరికి తగులుతుంది?

విజయవాడ కృష్ణలంకలో ఒక మామూలు ఇల్లు అనుకుందాం. తండ్రి ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు రిపేరు చేసే షెడ్డులో పని చేస్తాడు. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ జేబులో వేసుకుని వెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరతాడు. చెప్పులు విప్పేలోపే ఫోన్ చేతులు మారుతుంది. మొదటి వంతు ఏడో తరగతి కొడుకుది, స్కూలు వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ చూడాలి కాబట్టి. హోంవర్క్ చూడటానికి పట్టేది రెండు నిమిషాలు, ఫోన్ తిరిగొచ్చేది నలభై నిమిషాలకి. తర్వాత తొమ్మిదో తరగతి కూతురు, ఆ తర్వాత తల్లి, మధ్యలో నాయనమ్మకి ఒక ప్రవచనం. అందరూ చూసేది తండ్రి నంబరు మీద తెరిచిన ఒకటే యూట్యూబ్, ఒకటే ఇన్‌స్టాగ్రామ్. కంపెనీ లెక్కలో ఆ ఖాతాదారుడి వయసు 42. లారీ వీడియోలు, కార్టూన్లు, గోరింటాకు డిజైన్లు, భాగవతం అన్నీ సమానంగా ఇష్టపడే 42 ఏళ్ల మగమనిషి!

పిల్లలకి సోషల్ మీడియాని నిషేధించాలా అన్న చర్చ ఈ మధ్య బాగా నడుస్తోంది. టీవీ డిబేట్లలోనూ అపార్టుమెంటు మెట్ల మీదా వినిపించే వాదనలు రెండే రకాలు. పిల్లలు పాడైపోతున్నారు, తీసేయాలి. లేదా, కాలం మారింది, ఆపలేం. ఈ రెండింటిలో ఏది నెగ్గినా ఆ కృష్ణలంక ఇంట్లో రాత్రి ఎనిమిది తర్వాత ఏం మారుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ప్రశ్న పట్టుకుని చూస్తే నిషేధం బలం ఎంతో, దాని చిల్లు ఎక్కడుందో రెండూ కనిపిస్తాయి.

ముందు అసలు నమూనా ఏమిటో చూద్దాం. 2024 నవంబరు చివర్లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఒక చట్టం చేసింది. 16 ఏళ్ల లోపు వారికి సోషల్ మీడియా ఖాతా ఉండకూడదు. అది 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, థ్రెడ్స్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, యూట్యూబ్, రెడిట్, కిక్, ట్విచ్ అందులోకి వచ్చాయి. వాట్సాప్‌ని వదిలేశారు. ఖాతా తెరిచిన పిల్లలకి గానీ వాళ్ల తల్లిదండ్రులకి గానీ శిక్ష లేదు. భారమంతా కంపెనీలదే. తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. దాదాపు 47 లక్షల ఖాతాలు మూతపడ్డాయని 2026 జనవరిలో అక్కడి ప్రభుత్వం చెప్పింది.

అదే నెలలో దావోస్ వెళ్లిన ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్, ఆస్ట్రేలియా చట్టాన్ని మన రాష్ట్రం కూడా పరిశీలిస్తోందని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అంతకుముందు 2025 ఏప్రిల్లో, 13 ఏళ్ల లోపు పిల్లలకి నిషేధం కోరుతూ వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ఇది విధాన నిర్ణయం, పార్లమెంటు చూసుకోవాల్సిన పని అంది. 2025 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ మాత్రం ఆస్ట్రేలియా తరహా చట్టం ఆలోచించమని కేంద్రానికి సూచించింది. అంటే మాట అమరావతి దాకా వచ్చింది, ఢిల్లీలోనూ ఉంది.

ఆస్ట్రేలియా చట్టం గురించి ఇక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. అది నిషేధించింది ఖాతాని, చూడటాన్ని కాదు. లాగిన్ కాకుండా యూట్యూబ్ తెరిచి వీడియోలు చూడటం అక్కడి పిల్లలకి ఇప్పటికీ కుదురుతుంది. మరి ఖాతా మీద గురిపెట్టడంలో అర్థం ఏమిటంటే, అక్కడ ఎక్కువమంది టీనేజీ పిల్లలకి సొంత ఫోన్, సొంత ఖాతా ఉంటాయి. ఖాతా పోతే వాళ్లకోసమే తయారైన ఫీడ్ పోతుంది, నోటిఫికేషన్లు పోతాయి, ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజీలు పోతాయి. మనిషికో ఫోన్ ఉన్న సమాజానికి కుట్టిన చొక్కా అది.

మన దగ్గర సంగతి వేరు. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల గురించి అసర్ అనే చదువుల సర్వే 2024 నివేదిక ఇచ్చిన అంకెలు చూడండి. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం మందికి వాడటం వచ్చు. కానీ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది 31 శాతానికే. ఆడపిల్లల్లో అది 27 శాతం దగ్గరే ఆగింది. సర్వేకి ముందు వారంలో ఫోన్‌ని చదువుకోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. అసర్ పల్లెల సర్వే, విజయవాడ, గుంటూరు నగరాల్లో సొంత ఫోన్లు ఇంకా ఎక్కువే ఉండొచ్చు. పటమటలో, గుంటూరు లక్ష్మీపురంలో ఎనిమిదో తరగతికే ఫోన్ కొనిచ్చే ఇళ్లు ఉన్నాయి. సింగ్‌నగర్‌లోనూ నల్లపాడు వైపూ ఇంటికి ఒకటో రెండో ఫోన్లే ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. ఖాతా నిషేధం మొదటి రకం ఇళ్లకి తగులుతుంది. రెండో రకం ఇళ్లలోకి అది అడుగే పెట్టదు, ఎందుకంటే అక్కడ మూయడానికి పిల్లవాడి ఖాతా అంటూ ఏదీ లేదు.

సొంత ఫోన్ ఉన్న పిల్లల విషయంలోనూ చిక్కుంది. మన దేశంలో 18 నిండనివారికి సిమ్ అమ్మకూడదు. కాబట్టి ప్రతి పిల్లవాడి నంబరూ నాన్న పేరు మీదో అమ్మ పేరు మీదో ఉంటుంది. నంబరు ద్వారా వయసు తేలదు. ఇక ఆధార్ అడగాలి, లేకపోతే కెమెరా ముందు ముఖం పెట్టించాలి. పదిహేనేళ్ల పది నెలల ముఖానికీ పదహారు నిండిన ముఖానికీ తేడా చెప్పగల యంత్రం ఎక్కడా లేదు. మూతి మీద నూనూగు మీసం వచ్చిన పదమూడేళ్లవాడు పాసవుతాడు, సన్నగా పొట్టిగా ఉన్న డిగ్రీ అమ్మాయి బయట ఉండిపోతుంది. ఆధార్ అడిగితే, పిల్లల్ని పట్టుకోవడానికి అరవై ఏళ్ల పెద్దాయన కూడా తన కార్డు కంపెనీకి చూపించాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి బడిలో వేసేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా రాసిన పుట్టినరోజే నేటికీ అసలు పుట్టినరోజు. అలాంటి చోట, తారీఖు చూసి మనుషుల్ని వడకట్టే పద్ధతి మీద అంత భరోసా ఎక్కడిది?

కొరియా అనుభవం దీనికి దగ్గరగా ఉంటుంది. దక్షిణ కొరియా 2011లో ఒక చట్టం తెచ్చింది. 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదు. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లు కొట్టి ఆడుకున్నారు. పదేళ్ల తర్వాత, 2021లో, ఆ చట్టాన్ని ఎత్తేయాలని ప్రభుత్వమే నిర్ణయించింది. చైనా అదే ఏడాది ఇంకా గట్టిగా బిగించి, పిల్లలకి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే గేములు అంది. అక్కడా పెద్దవాళ్ల ఖాతాల్లోంచి ఆడే పిల్లలు తేలారు. నాయనమ్మ వయసులో గేములు ఆడేవాళ్లు ఒక్కసారిగా పెరిగారంటే, తెలివైన మనవలు పెరిగారని అర్థం.

రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే ఇది చేయగలదా అన్నది ఇంకో మెలిక. ఫోన్లు, ప్రసారాలు, అలాంటి కమ్యూనికేషన్లన్నీ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా కిందికి వస్తాయి. వెబ్‌సైట్‌నో యాప్‌నో బ్లాక్ చేయించే అధికారం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రానిదే. దీని సంగతి ఆంధ్రప్రదేశ్‌కి ఎవరో చెప్పనక్కర్లేదు. 2020లో ఇక్కడి ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటి డబ్బు ఆటల్ని నిషేధించింది. చట్టమైతే వచ్చింది గానీ యాప్‌లు ఆగాలి కదా. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 సైట్లు, యాప్‌ల జాబితాతో కేంద్రానికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. దేశమంతటా డబ్బు గేముల్ని ఆపే చట్టం పార్లమెంటులో పాసయింది ఐదేళ్లకి, 2025 ఆగస్టులో. పిల్లల సోషల్ మీడియా మీద అమరావతిలో బిల్లు పెట్టినా, ఇన్‌స్టాగ్రామ్‌ని ఎన్టీఆర్ జిల్లాలో ఒక తీరుగా, సరిహద్దు దాటితే తెలంగాణలోని ఖమ్మంలో ఇంకో తీరుగా నడిపించడం అంత తేలిక కాదు. సిమ్ ఎక్కడిదో, మనిషి ఎక్కడున్నాడో, ఏది లెక్క?

కేంద్రమే పూనుకుంటే నిషేధం పనిచేస్తుందనడానికి మాత్రం మన దగ్గర ఒక రుజువుంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లని ఆపేశారు. దేశంలో సుమారు 20 కోట్ల మంది వాడుతున్న యాప్ రాత్రికి రాత్రి పోయింది. మళ్లీ రాలేదు. కానీ అప్పటికే అలవాటైన ఆకలి ఎటు పోతుంది? జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. టిక్‌టాక్‌లో డైలాగులకి పెదాలు కదిపినవాళ్లే అక్కడికి మారి అదే పని చేశారు. దుకాణం పేరు మారింది, సరుకు మారలేదు. ఆ సరుకు ఏమిటన్నదే ఈ చర్చలో అన్నిటికన్నా తక్కువ మాట్లాడే విషయం.

పాత తెలుగు సినిమా చివర్లో తెర మీద ‘శుభం’ అని పడేది. కుర్చీల చప్పుడు, లైట్లు, జనం లేచేవారు. పత్రికకి ఆఖరి పేజీ ఉంటుంది. సీరియల్ కూడా ఎంత సాగదీసినా అరగంటకి ఆగి రేపటికి వాయిదా పడుతుంది. రీల్స్‌కి శుభం కార్డు లేదు. వేలితో తోస్తుంటే అడుగు తగలకుండా వస్తూనే ఉండే ఈ ఏర్పాటుని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. అలాంటిది చేసినందుకు చింతిస్తున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. దాని వెనక పని చేసేది ఇంకొకటి. ఏ వీడియో దగ్గర బొటనవేలు ఎంతసేపు ఆగింది, దేన్ని రెండోసారి చూశారు, దేనికి కామెంట్లు తెరిచారు, దేన్ని అర సెకనులో తోసేశారు, ఇవన్నీ యాప్ రాసుకుంటుంది. చూసేవాడి పేరూ వయసూ దానికి పెద్దగా అక్కర్లేదు. కృష్ణలంక ఇంట్లో ఆ ఫోన్ మీద రాత్రి పూట పిల్లవాడు కార్టూన్ దగ్గర ఆగితే, పది నిమిషాల్లో ఫీడ్ కార్టూన్ల వైపు వంగుతుంది. ఖాతా మీద 42 అని ఉన్నా సరే, యంత్రం ఎదురుగా ఉన్న చేతిని పట్టేసుకుంటుంది. అంటే వయసు తెలియదని కంపెనీ చెప్పేది సగం నిజమే. వయసు తెలుసుకోవడం దానికి అవసరం పడలేదు, అంతే.

స్నాప్‌చాట్‌లో ‘స్ట్రీక్’ అని ఒకటుంది. ఇద్దరు రోజూ ఒకరికొకరు ఫొటో పంపుకుంటూ పోతే పక్కన రోజుల లెక్క పెరుగుతూ ఉంటుంది, ఒక్క రోజు తప్పితే సున్నా. సెలవులకి ఊరెళ్తూ పాస్‌వర్డ్ స్నేహితురాలి చేతిలో పెట్టి, ‘నా స్ట్రీక్ పోనివ్వకే’ అని అప్పగించే పిల్లలున్నారు. కుండీలో మొక్కకి నీళ్లు పోయమని పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లినట్టు! పెద్దవాళ్లకి నవ్వొస్తుంది గానీ, పదమూడేళ్ల పిల్లకి ఆ అంకె స్నేహానికి సాక్ష్యం. ఆ టెన్షన్ ఊరికే పుట్టలేదు, ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టారు.

ఇంతకీ హాని ఎంత? ఇక్కడ శాస్త్రవేత్తల్లో ఒక్క మాట లేదు. రోజుకి మూడు గంటలకన్నా ఎక్కువ సోషల్ మీడియా వాడే పిల్లలకి మానసిక సమస్యల ముప్పు రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ హెచ్చరించారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆర్బెన్, ప్రిజ్‌బిల్‌స్కీ 2019లో భారీ సర్వేల సమాచారం తిరగేసి, టీనేజీ పిల్లల బాగోగుల్లో కనిపించే తేడాలో డిజిటల్ వాడకం వాటా మహా అయితే 0.4 శాతమని తేల్చారు. సగటు తీస్తే చిన్నదిగా కనబడే దెబ్బ కొందరికి చాలా గట్టిగా తగులుతుండొచ్చు. 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో, తమ ఒంటి తీరు మీద అప్పటికే దిగులున్న టీనేజీ ఆడపిల్లల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులుని ఇంకా పెంచిందని చెప్పినట్టు ఉంది. 2022లో ఆర్బెన్ బృందం చేసిన మరో అధ్యయనంలో ఆసక్తికరమైన సంగతి తేలింది. సోషల్ మీడియా ప్రభావం ఎక్కువగా కనిపించే వయసు ఆడపిల్లలకి 11 నుంచి 13, మగపిల్లలకి 14, 15, మళ్లీ ఇద్దరికీ 19 దగ్గర. ఈ లెక్కన 16 అనే గీత ఎవరికీ సరిగ్గా సరిపోదు.

అసలు యాప్‌లు కనీస వయసుగా పెట్టుకున్న 13 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అది పిల్లల మనసు గురించి ఎవరో ఆలోచించి పెట్టింది కాదు. 1998లో అమెరికా పిల్లల ఆన్‌లైన్ సమాచార రక్షణకి ఒక చట్టం చేసింది. మొదటి ప్రతిపాదనలో వయసు 16 ఉండేది, బేరాల్లో 13కి దిగింది. ఆ వయసు దాటితే తల్లిదండ్రుల అనుమతి లేకుండానే పిల్లల వివరాలు తీసుకోవచ్చు కాబట్టి, అప్పట్నుంచి యాప్‌లన్నీ 13 అని రాసుకున్నాయి. విజయవాడలో ఆరో తరగతి పిల్లాడు ఇన్‌స్టా తెరుస్తూ పుట్టిన సంవత్సరం 2000 అని నొక్కడం వెనక ఇంత కథ ఉంది.

విజయవాడ, గుంటూరు వాళ్లకి నిషేధం కొత్త కూడా కాదు. ఫోన్ లేని బాల్యం ఎలా ఉంటుందో చూడాలంటే ఆస్ట్రేలియా పోనక్కర్లేదు, గూడవల్లి, కానూరు, పోరంకి వైపు ఇంటర్ హాస్టళ్లు చూస్తే చాలు. రెండేళ్లు ఫోన్ ఉండదు. ఆదివారం కాయిన్ బాక్సు దగ్గరో వార్డెన్ ఫోన్ దగ్గరో వరస. ఫోన్ తీసేస్తే పిల్లల మనసు కుదుటపడుతుందన్నది నిజమైతే, రాష్ట్రంలో అందరికన్నా ప్రశాంతంగా ఉండాల్సింది ఈ పిల్లలే. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ వేసింది 2001లో. ఇన్‌స్టాగ్రామ్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు. 2017లో మళ్లీ చక్రపాణి కమిటీ. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు, ఆటస్థలం లేని అపార్టుమెంటు క్యాంపస్‌లు, ర్యాంకుల వారీగా సెక్షన్లు, ఇవన్నీ ఫోన్‌తో సంబంధం లేకుండానే ఉన్నాయి. దసరాకీ సంక్రాంతికీ ఇంటికొచ్చిన ఆ పిల్లలు రాత్రి రెండింటి దాకా దుప్పటి కింద రీల్స్ చూస్తారు. అమ్మ తిడుతుంది. మూడో రోజు బ్యాగు సర్దుకుని బస్సెక్కుతారు. రెండేళ్ల నిషేధం వాళ్లకి ఫోన్‌ని పక్కన పెట్టడం నేర్పలేదు, దొరికినప్పుడు దోచుకోవడం నేర్పింది.

సాయంత్రం ఐదింటికి ట్యూషన్, ఏడింటికి ఇల్లు, ఆడుకోవడానికి మునిసిపల్ స్టేడియం దూరం, వీధిలో బైకులు. పదేళ్ల పిల్లవాడికి మిగిలిన ఖాళీ జాగా ఐదున్నర అంగుళాల తెర. దాన్ని తీసేసే ముందు అక్కడ ఏం పెడతారో ఎవరైనా చెబితే బాగుండు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఆడపిల్లలది. కాగితం మీద ఆస్ట్రేలియా చట్టం పిల్లల్ని దోషులని అనదు. కానీ మన ఇళ్లలో ‘నిషేధం’ అనే మాట చెవిన పడగానే అర్థమయ్యేది వేరు. అన్న చేతిలో ఫోన్ ఉంటుంది, చట్టమే వద్దందని చెల్లెలి చేతిలోంచి పోతుంది. సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 36 శాతం, ఆడపిల్లలు 27 శాతం అన్న అసర్ అంకెలు గుర్తుంచుకుంటే, ఆ తేడా ఎటు పెరుగుతుందో ఊహించవచ్చు. ఇంకో సంగతి. పదిహేనేళ్ల అమ్మాయి ఫొటోని మార్ఫింగ్ చేసి, డబ్బులు పంపకపోతే మీ నాన్నకి పెడతానని ఎవడో బెదిరించాడనుకుందాం. ఇవాళ కూడా ఆ పిల్ల ఇంట్లో చెప్పడానికి పది రోజులు ఏడుస్తుంది. అసలు ఖాతా ఉండటమే తప్పయిన రోజున, ‘నీకు ఇన్‌స్టా ఎందుకుంది?’ అన్న మొదటి ప్రశ్నకి భయపడి నోరు విప్పదు. బెదిరించేవాడికి కావాల్సింది సరిగ్గా ఆ మౌనమే. సైబర్ నేరాలకి 1930, పిల్లల సాయానికి 1098 నంబర్లున్నాయి. ఇలాంటి చిత్రాలు తీసేయడానికి 2021 ఐటీ నిబంధనల్లోనే కంపెనీలకి 24 గంటల గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకి తగ్గించారు. పిల్లల చిత్రాల విషయంలో పోక్సో, ఐటీ చట్టం 67బి చాలా కఠినంగా ఉన్నాయి. ఇవన్నీ పని చేయాలంటే బాధితురాలు మాట్లాడాలి. మాట్లాడనివ్వని చట్టం ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా ప్రమాదమే.

నిషేధం కోరే పెద్దవాళ్ల చేతిలో ఫోన్ గురించి కూడా ఒక మాట. పున్నమి ఘాట్‌లోనో భవానీ ఐలాండ్‌లోనో నాలుగేళ్ల పాపకి పరికిణీ కట్టి, మైకు పెట్టి, పెద్దవాళ్ల డైలాగులు చెప్పించి రీల్ తీసేది తల్లిదండ్రులే. ఖాతా తల్లిది, వయసు ముప్పై, చట్టం వేలెత్తి చూపలేదు. లక్ష వ్యూస్ వస్తే ఆ పాపకి రేపు ఇంకో రీల్. ఇలా సంపాదించే పిల్లల ఆదాయం, పని గంటల మీద ఫ్రాన్స్ 2020లోనే చట్టం చేసింది. మన చర్చలో మాత్రం పిల్లలు ప్రేక్షకులుగానే కనిపిస్తున్నారు, సరుకుగా కనిపించడం లేదు.

వాట్సాప్ సంగతీ తేల్చుకోవాలి. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి, తర్వాత తిరిగి పోలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వమే ట్యాబ్‌లు పంచింది. 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో ఇంటర్ హాల్ టికెట్ దొరుకుతుంది, ఫలితాలూ వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లు లొకేషన్లు, వీడియోలు పంపి పడవల్ని పిలిపించుకున్నారు. ఫోన్ ఈ ఊళ్లో విలాసం కాదు, దాన్ని పూర్తిగా దూరం పెట్టమనడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

అలాగని ఏమీ చేయకుండా వదిలేయమనడం కంపెనీలకి ఇష్టమైన వాదన. 13 లోపు పిల్లలకి ఖాతా వద్దన్న నియమం ఉండాల్సిందే, ‘మా ఇంట్లో ఇవ్వం’ అనే తల్లికి అది ఒక ఆసరా. కానీ దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. పుష్కరాలప్పుడు దుర్గా ఘాట్‌లో నీళ్లలోకి కడ్డీలు దింపి గొలుసులు కడతారు. వచ్చినవాడి వయసెంతని అడిగి కట్టరు. ఈత వచ్చినవాడికీ రానివాడికీ లోతు దగ్గర అడ్డం అదే. ఇంటికి ఒకటే ఫోన్ ఉన్న చోట పని చేసే పద్ధతి ఇదొక్కటే. వీడియో తర్వాత వీడియో దానంతటది మొదలవకుండా ఆపడం, కొంతసేపటికి ఫీడ్‌కి ఒక ఆఖరు పెట్టడం, పరిచయం లేనివాళ్ల మెసేజీలు మొదటినుంచే మూసి ఉంచడం, రాత్రి పది దాటాక నోటిఫికేషన్లు ఆపడం, ఓటీటీ యాప్‌లో ఉన్నట్టు ఒక్క నొక్కుతో పిల్లల ప్రొఫైల్‌కి మారే వీలు పెట్టడం. వీటిలో దేనికీ ఎవరి ఆధారూ చూడక్కర్లేదు. కావాలనుకున్న పెద్దవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకుంటారు. ఇప్పుడు ఆ శ్రమ తల్లి పడుతోంది, రేపు అది కంపెనీ వైపు మారుతుంది.

ఇది గాలిలో మేడ కాదు. మన అలవాట్లు గమనించి కాకుండా మామూలుగా చూపించే ఫీడ్‌ని పెద్ద యాప్‌లన్నీ ఎంచుకునే వీలుగా ఇవ్వాలని యూరప్ డిజిటల్ సేవల చట్టం 2023 నుంచి అమలు చేస్తోంది. 2026 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషన్ టిక్‌టాక్ డిజైనే వ్యసనం పెంచేలా ఉందని, ఆగని స్క్రోల్‌నీ ఆటోప్లేనీ పేరుపెట్టి మరీ ప్రాథమికంగా తప్పుబట్టింది. పిల్లవాడిని వదిలి యంత్రం వైపు తిరిగిన చూపు అది.

మన దగ్గర కూడా ఈ దారికి ఒక చట్టం ఇప్పటికే ఉంది, దాని గురించి విజయవాడలో మాట్లాడేవాళ్లు తక్కువ. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, 18 లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల కదలికల్ని వెంటాడటం, వాళ్ల అలవాట్లు గమనించడం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు చూపించడం నిషిద్ధం. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. అలవాట్లు గమనించకూడదన్న ఆ ఒక్క మాట గట్టిగా అమలైతే పిల్లలకి రీల్స్ ఫీడ్ ఇప్పటి రూపంలో నిలవదు. అయితే దీనికి కావాల్సిన నిబంధనలు 2025 నవంబరులో గానీ వెలువడలేదు, ముఖ్యమైన భాగాలు అమలవడానికి వాటిలోనే 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. చట్టం పాసైన నెలలో పదమూడో పుట్టినరోజు జరుపుకున్న పిల్లకి అప్పటికి పదిహేడు దగ్గరపడతాయి. ఇంటర్‌లో ఉంటుంది, బహుశా ఏ పోరంకి హాస్టల్లోనో, ఫోన్ లేకుండా.